భూమి తిరిగిచ్చిన తట్ట

ఆదివారం మధ్యాహ్నం మా గదిలో బొంత మాట్లాడుతుంది. నేను చెప్పేవాటిలో సగం కోతలని కామాటిపురా మొత్తానికి తెలుసు కాబట్టి నమ్మమని ఎవరినీ బలవంతపెట్టను. ఇది మాత్రం నిజం. బొంత కింద నా మనవరాలు స్నేహల్, దాని స్నేహితురాలు మయూరి, ఇద్దరి మధ్య ఒక మైకు ఉంటాయి. బయట నల్లా దగ్గర బిందెల కొట్లాట, నాగ్‌పాడా వైపు నుంచి వెల్డింగ్ మోత, పక్క గదిలో కుక్కర్. ఇవేవీ మైకులోకి దూరకూడదని నడి ఎండాకాలంలో కూడా ఇద్దరూ బొంత కప్పుకుని కూర్చుంటారు. గంట తర్వాత బయటికొస్తే ఉడకబెట్టిన పల్లీకాయల్లా ఉంటారు.

స్నేహల్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. దాదర్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల చిరునామాలు కంప్యూటర్‌లో కొడుతుంది. గ్రాంట్ రోడ్‌లో రైలెక్కితే దగ్గరని నా దగ్గరే ఉంటుంది. ఆ ఉద్యోగం పొట్ట కోసం. ఈ బొంత పని దేనికోసమో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అది రెండు పనులు చేస్తుంది. కంప్యూటర్‌కి పని ఎలా చెప్పాలో మన తెలుగులో నేర్పే వీడియోలు ఒకటి. మన తెలుగంటే పుస్తకాల తెలుగు కాదు. సగం మరాఠీ, పావు హిందీ, మిగిలింది మా పాలమూరు. రెండోది మయూరితో కలిసి చేసే ‘గేమ్ గప్పా’. వీడియో గేమ్‌ల మీద కబుర్లు. పాడ్‌కాస్ట్ అంటారట. వినేవాళ్లు రెండు వందల మంది.

“మన పోచమ్మ బోనాలకు ఇంతకన్న ఎక్కువ మంది వస్తరు గదనే!” అని ఏడిపించాను ఒకసారి.

“వాళ్లు తినిపోనీకి వస్తరు తాతా. వీళ్లు ఉత్తగనే వస్తరు” అంది.

నాలుగేళ్ల కిందట నేనూ ఆ బొంత కిందికి దూరాను. ఆ రోజు మయూరికి జ్వరం. చోటు ఖాళీగా ఉండకూడదని స్నేహల్ నన్ను కూర్చోబెట్టి, “నీ పని గురించి చెప్పు తాతా” అంది. నేను నలభై ఏళ్లు ఈ ఊళ్లో బిల్డింగులు కట్టిన కూలీని. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. నోరు మాత్రం నన్ను వదిలేసి పట్నం పోయి పెద్ద చదువులే చదివింది. పరంజా మీద ఏడో అంతస్తులో నిలబడి నేను తుమ్మితే దాదర్‌లో జనం గొడుగులు విప్పేవాళ్లని చెప్పాను. పొద్దున కింద కలిపిన సిమెంటు మాల్ తల మీద పెట్టుకుని ఎక్కితే, పైకి చేరేసరికి ఎండి ఇటుకైపోయేదని చెప్పాను. అది నవ్వి నవ్వి బొంత పక్కకు తోసేసింది. ఆ ఊపులో తట్ట కథ చెప్పాను.

ఆ కథ ఇదీ. మా గుంపులో ఒక ఆచారం ఉండేది. పొద్దున మొదటి తట్ట మాల్ గోడకు కాదు, నేలకు. పోచమ్మ పేరు తల్చుకుని భూమ్మీద పోసేవాళ్లం. గోడకు నూరు తట్టలు కావాలి. మా చేత మోయించేవీ నూరే. అందులో ఒకటి నేలపాలు, మిగిలేవి తొంభై తొమ్మిది. అయినా సాయంత్రం ఈల మోగాక చూస్తే గోడ నిండుగా ఉండేది. నూరో తట్ట ఎవరు పోశారు? భూమి! పొద్దున తీసుకున్నది పొద్దుగూకే వేళకు తిరిగిచ్చేది.

స్నేహల్ నవ్వడం ఆపేసింది. “తాతా, ఇది గేమ్ అయితది” అంది.

నాలుగేళ్లు అదే పని. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, కంప్యూటర్ ముందు. ఆటలో గళ్లు గళ్లుగా గీసిన ఒక మనిషి తల మీద తట్టతో వెదురు పరంజా ఎక్కుతాడు. ఒకే ఒక్క రోజు, పొద్దున ఈల నుంచి సాయంత్రం ఈల వరకు. జారకుండా మొయ్యాలి. పేరు ‘నూరో తట్ట’. వీడియోల్లో పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ ఆటలో ముక్కలే చూపించి నేర్పేది. ముక్కలు ముక్కలుగా అన్నీ నడిచాయి. ఎక్కడం నడిచింది, జారిపడటం నడిచింది, పొద్దు దిగడం నడిచింది.

పోయిన నెల ముక్కలన్నీ కలిపి, పరీక్ష చెయ్యమని వినేవాళ్లకు పంపింది. ఒక్కళ్లూ ఆట పూర్తి చెయ్యలేకపోయారు. గోడకు తొంభై తొమ్మిది తట్టలు మోస్తారు. మనిషి పైన నిలబడతాడు. అంతే. ఈల మోగదు, పొద్దు దిగదు. ఎవరో షోలాపూర్ నుంచి రాశాడట, ‘గంటన్నర చూశానక్కా, మనిషి నిలబడే ఉన్నాడు, నాకే కాళ్లు నొప్పెడుతున్నాయి’ అని.

మూడు వారాలు వెతికింది. మనిషి నడకలో వెతికింది, తట్టల లెక్కలో వెతికింది, పొద్దులో వెతికింది. కళ్ల కింద నలుపు. రైల్లో నిలబడే నిద్రపోయి దాదర్ దాటిపోయింది రెండుసార్లు. శుక్రవారం అన్నం కలుపుతూ అంది:

“ఈ ఆదివారం దాకా చూస్త తాతా. బాగైతే గేమును గప్పాల అందరికి ఇచ్చేస్త. కాకుంటే బంద్. గేమ్ బంద్, వీడియోలు బంద్, గప్పా గూడ బంద్.”

అరిచి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. పప్పులో ఉప్పు చాలలేదన్నట్టు మామూలుగా అంది. నేను కలిపిన ముద్ద పళ్లెంలోనే పెట్టేశాను.

ఆదివారం పదకొండింటికి మయూరి వడాపావ్ పొట్లంతో వచ్చింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మొబైల్ దుకాణంలో పని చేస్తుంది ఆ పిల్ల. దాని నోటికి ఎదురు లేదు.

“కాయ్ గ, దొరికిందా?”

స్నేహల్ తల అడ్డంగా ఊపింది.

“నువ్వే పాఠంల చెప్తవ్ గదా. తప్పు దొరక్కుంటె ఒక బొమ్మను ముందర పెట్టుకొని, ఒక్కొక్క లైను దానికి చదివి చెప్పాలె, చెప్తుంటె తప్పు దానంతటదే దొరుకుతదని. చదువు మరి.”

“ఇంట్ల బొమ్మ యాడుంది?”

ఇద్దరూ నా వైపు చూశారు.

“ఓ పోరీ, నేను డెబ్బై ఆరేళ్ల మనిషిని” అన్నాను.

“గందుకే పెద్దయ్యా. పాత బొమ్మకు ఓపికెక్కువ” అంది మయూరి.

గోడకు ఆనుకుని కూర్చున్నాను. స్నేహల్ తెర మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటల్లోకి మార్చి చదవడం మొదలుపెట్టింది. చాలాసేపు చదివింది. నేను బొమ్మలాగే తలూపుతూ పోయాను. అది ఏమంటే అదే అనాలని మయూరి ఆర్డరు.

“పొద్దున ఈల మోగితే మనిషి తట్ట ఎత్తుకుంటడు.”

“ఎత్తుకుంటడు.”

“మొదటి తట్ట అయితే భూమికి పోస్తడు.”

“పోస్తడు.”

“తక్కినయి గోడకు పోస్తడు. గోడల నూరు తట్టలు పడితే సాయంత్రం ఈల మోగుతది.”

“మోగుతది.”

“ఈల మోగినంక భూమి నూరో తట్ట తిరిగిస్తది.”

నేను తలూపడం ఆపాను.

“అను తాతా. తిరిగిస్తది.”

“మల్ల చదువు” అన్నాను.

మళ్లీ చదివింది. చదువుతూ చదువుతూ ఆగింది. వేలు తెర మీదే ఉండిపోయింది. “నూరు పడితేనే ఈల. ఈల మోగితేనే నూరోది” అంది మెల్లగా. “దీని కోసం అది ఆగింది, దాని కోసం ఇది ఆగింది.”

“పద్నాలుగో గల్లీల రెండు టెంపోలు ఎదురైనట్టు” అంది మయూరి. “అరే, గింతేనా? మూడు వారాలు!”

“ఈ ముక్క ఒక్కసారి గూడ చూడలే నేను” అంది స్నేహల్. “నేను రాసిందాంట్లనే తప్పుంటదనుకున్న. ఇది తాత చెప్పింది గదా, ఉన్నది ఉన్నట్టు పెట్టిన. దీంట్ల తప్పెట్ల ఉంటది?”

గొడుగుల కథకు నవ్వి, ఇటుక కథకు నవ్వి, ఇదొక్కటీ నిజమని నమ్మిన పిల్లను ఏమనాలి?

“సరే, చెప్పు తాతా. అసలు ఎట్ల జరిగేది? భూమి తట్ట ఇచ్చేది ఈలకు ముందా, ఈల అయినంకనా?”

‘ముందే’ అంటే చాలు. అది రెండు లైన్లు అటూ ఇటూ మార్చుకునేది, ఆట నడిచేది, మధ్యాహ్నం రెండింటికి బొంత కిందికి దూరేవాళ్లు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. యాభై ఏళ్లుగా అబద్ధాలాడిన నాలుక అది, దానికేం కష్టం. కానీ స్నేహల్ మెడ వెనక రెండు వేళ్లతో నొక్కుకుంటూ నా జవాబు కోసం చూస్తోంది. తట్ట దించాక చంద్రమ్మ అట్లా నొక్కుకునేది. చంద్రమ్మ నా పెళ్లాం, దాని నాయనమ్మ. మా గుంపులోనే తట్టలు మోసేది. పోయి ఆరేళ్లయింది.

“భూమి ఇయ్యలేదు” అన్నాను.

“అంటే?”

“భూమి ఏంది, తట్ట ఇచ్చుడేంది. ఆచారం గూడ లేదు ఏం లేదు.”

మయూరి వడాపావ్ నమలడం ఆపింది. చెప్పాను. పరంజా ఎక్కిన మొదటి రోజు, రెండు పలకలు ఎక్కానో లేదో తట్ట జారి నేలపాలైంది. మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. పనిలోంచి తీసేస్తాడనిపించింది. “మా దిక్కు మొదటి తట్ట పోచమ్మకే పోస్తం” అన్నాను. మేస్త్రీ దేవుడంటే హడలిపోయే మనిషి. నమ్మాడు. నమ్మి, రోజూ పొయ్యమన్నాడు. పోచమ్మది పోచమ్మకు, గోడది గోడకు, పొద్దుగూకేలోపు గోడలో మాత్రం నూరూ ఉండాలన్నాడు.

“మరి నూరోది?” అంది స్నేహల్.

“మీ నాయనమ్మ మోసింది.”

బయట ఎవరి బిందెనో ఎవరో పక్కకు తన్నారు.

“ఈల మోగంగనే అందరం చేతులు కడుక్కొని చాయ్‌కు పోయెటోళ్లం. ఆమె ఒక్కతె అడుగున మిగిలిన మాల్ ఎత్తుకొని ఏడంతస్తులు ఎక్కి పోసొచ్చేది. నాకు సంవత్సరం దాకా తెల్వదు. ఒకనాడు తువ్వాల మర్చిపోయి ఎనక్కి పోతే, ఖాళీ తట్ట పట్టుకొని దిగుతుంది. ‘పా, చాయ్ సల్లగైతది’ అన్నది. గంతే.”

“మర్నాడు నువ్వు మోసినవా?”

మా చాల్‌లో గదిగదికీ కథలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్నకు ఒక మంచి కథ చెప్పలేకపోయాను.

“లే” అన్నాను.

“ఎన్నేండ్లు?”

“పదకొండు.”

స్నేహల్ తిట్టలేదు. తెర వైపు తిరిగి కూర్చుంది. నేను లేచి గది ముందు గ్యాలరీలోకి వెళ్లాను. కాసేపటికి మయూరి వచ్చి నా పక్కన కటకటాలకు ఆనుకుంది. ఒక వడాపావ్ నా చేతిలో పెట్టింది.

లోపలి నుంచి పిలుపు. “తాతా, ఇటు రా. ఈల ఎప్పుడు మోగేది? గోడ నిండినా, నిండకున్నా?”

“టైముకు మోగేది. గోడతోని దానికేం పని.”

“నాయనమ్మ ఏం చీర కట్టేది?”

“ఎర్ర నేత చీర. కొంగు నడుముకు బిగించి, తలమీద పాత గుడ్డ చుట్టి పెట్టేది.”

“ఎడమ చేత్తోని పట్టుకునేదా, కుడి చేత్తోనా?”

“చేతులతోని పట్టకపోయేది. రెండు చేతులు వెదురు పట్టుకునేవి.”

గళ్లు గళ్లుగా ఆమెను గీసింది. మొహం రెండు గళ్లు, అందులో కళ్లూ ముక్కూ ఏం తెలుస్తాయి. అయినా నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. ఇప్పుడు తొంభై తొమ్మిదికే టైము ప్రకారం ఈల మోగుతుంది. గళ్ల మనిషి చేతులు కడుక్కుని తెర దాటిపోతాడు. ఆడేవాడు ఇక ఏ మీట నొక్కినా ఏమీ జరగదు. అప్పుడు కింద నుంచి ఎర్ర చీర ఎక్కడం మొదలవుతుంది.

ఆ ఆదివారం బొంత నాలుగింటికి మాట్లాడింది. ఆట అందరికీ ఇచ్చారు. నన్ను లోపలికి రమ్మన్నారు, నేను వెళ్లలేదు. అయిదున్నరకు మైకు పక్కనే చాప మీద స్నేహల్ నిద్రపోయింది. చెవుల హెడ్‌ఫోన్లు కూడా తియ్యలేదు. నేనే తీసి పక్కన పెట్టాను.

బంద్ అన్న మాట ఆ వారంలో అది మళ్లీ ఎత్తలేదు. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పు అందియ్యి, తలుపు వెయ్యి, అంతే.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, నా పక్కన కూలబడి ఫోను తీసింది. ఆట పూర్తి చేసినవాళ్లు ఏవేవో రాస్తున్నారట. చాలామంది ఆమె ఎవరని అడిగారు. దాదాపు అందరూ రాసిన మాట ఇంకొకటుంది.

“చివర్ల ఆ ఆడమనిషి ఎక్కుడు చాన స్లో ఉందంట తాతా. నాలుగు నిమిషాలు ఉత్తగ చూసుకుంట కూర్చోవాలె, బోర్ కొడుతుందంటున్నరు.” కళ్లు నలుపుకుంది. “ఒక్క అంకె మారిస్తే అయిపోతది. స్పీడ్ పెంచన్నా?”

అలసిపోయిన మొహంతో, వేలు ఫోను మీద పెట్టి, ఆ ఆదివారం అడిగినట్టే అడిగింది.

“వద్దు బేటా” అన్నాను. “అప్పటికి ఆమె పొద్దటిసంది మోస్తనే ఉంది.”

స్నేహల్ ఆ మాటే వాళ్లకు జవాబుగా కొట్టసాగింది.