చేతి బరువు

"చేతులు ఊరికే ఉన్నాయిగా, కాస్త ఈ కాళ్ళు పట్టు" అంటాడు ఆయన భార్యతో. ఆఫీసు నుంచి రాగానే చెప్పులొక మూలకీ సంచీ ఒక మూలకీ విసిరి, టీవీ ముందు కాళ్ళు బారజాపుకుని అనే మాట అది. తన చేతులు ఊరికే ఉన్న పూట ఏదో ఆమెకే తెలియదు. ఒళ్ళో బట్టలు మడతపెడుతూనే మధ్యమధ్యలో కాళ్ళు పట్టేది.

అలాంటిది మర్దన నేర్చుకోవడానికి చేరతానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. "ఇంట్లో ఊరికే చేసే పనికి ఫీజు కట్టి నేర్చుకుంటుందట మా వదిన!" అంది ఆడపడుచు. "గుమ్మానికి బోర్డు కూడా కడతావా, ఇచ్చట ఒళ్ళు పట్టబడును అని?" అన్నాడు ఆయన. అయినా ఆమె వెళ్ళి చేరింది.

అసలు ఆ విద్య మొదలైంది అత్తగారి మంచం దగ్గర. పక్షవాతంతో ఒక పక్క పడిపోయినా ఆవిడ నోరు మాత్రం పడిపోలేదు. "పిండిని కాదే, మనిషిని! అంత విసురుగా పిసుకుతావేం?" అని కసిరేది. కసుర్లు తింటూనే ఆమె నేర్చుకుంది. ముందు అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచాలి. అవతలి మనిషి ఊపిరి వదిలేదాకా ఆగాలి. నొక్కడం ఆ తర్వాతే. ఒత్తిగిలించే ముందు ఆవిడ ప్రతిసారీ "పట్టుకున్నావా?" అని అడిగేది. "పట్టుకున్నానత్తయ్యా" అన్నాకే ఒంటి బరువంతా వదిలేది. ఆవిడ పోయి మంచం తీసేశాక కూడా, ఊడ్చేటప్పుడు ఆమె చీపురు ఆ మంచమున్న చోటు చుట్టూ తిరిగి వెళ్ళేది. చేతులకు ఏం చేయాలో తోచలేదు.

శిక్షణలో అన్నీ చప్పున పట్టుబడ్డాయి. బొటనవేళ్ళతో కాక ఒళ్ళంతటితో నొక్కడం, వీపు చూసి నొప్పి పుట్టిన చోటు పోల్చుకోవడం. రానిది ఒక్కటే, బల్ల మీద పడుకుని చేయించుకోవడం. అక్కడ ఒకరికొకరు చేసుకుంటూ నేర్చుకోవాలి. ఆమెకు జోడీ ఉద్యోగం విరమించిన బస్సు కండక్టరమ్మ. మర్దనకని ఆవిడ ఎత్తబోతే చాలు, ఆమె చెయ్యి ఆవిడకు శ్రమ ఇవ్వకూడదన్నట్టు దానంతటదే లేచేది. వదిలేస్తే పడకుండా గాల్లోనే నిలబడేది.

"ఏం పట్టుకున్నావమ్మా గాల్లో, బస్సు కడ్డీనా?" అంది కండక్టరమ్మ. గదంతా ఘొల్లుమంది.

నేర్పే మేడం నవ్వలేదు. "నీ బరువు ఇవ్వడం రానిదే ఇంకొకరి బరువు నీ చేతికి తెలియదు. ఇది వచ్చేదాకా నిన్ను బయటివాళ్ళ మీద చెయ్యి వెయ్యనివ్వను" అంది. తోటివాళ్ళు ఒక్కొక్కరే అక్కడే పనిలో కుదురుకుంటున్నారు. ఆమె ఇంకా గాల్లో చెయ్యి నిలబెట్టుకునే ఉంది.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మకి విసుగొచ్చింది. "టికెట్ కొని బస్సెక్కాక కూడా మూట నెత్తిమీదే ఉంచుకుంటావేం తల్లీ? కింద పెట్టు. మోసేది బస్సు!"

ఆమె కళ్ళు మూసుకుంది. ఎన్నిసార్లు విన్న మాటో, తన నోట మొదటిసారి వచ్చింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

మోచేతి దగ్గర ఏదో వదులైంది. తర్వాత భుజం. చెయ్యి తడిబట్టలా ఆవిడ చేతుల్లోకి జారింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి, ఆమె తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి చెయ్యి తన దగ్గర లేదు. మేడం వచ్చి ఆ చేతిని ఒకసారి ఎత్తి చూసింది. "సోమవారం నుంచి పనిలోకి రా. కిటికీ పక్క బల్ల నీది."

ఆ సాయంత్రం ఆయన మామూలుగానే కాళ్ళు చాపాడు. "చేతులు ఊరికే..."

"ఊరికే లేవండీ. సోమవారం నుంచి పనికి వెళ్తున్నాయి" అంటూ ఆమె పక్కన కూర్చుంది. "ఇవాళ మీరు పట్టండి."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. అరచెయ్యి చాపాడు. ఆమె తన చెయ్యి అందులో పెట్టింది.

"పట్టుకున్నారా?"

"ఆఁ."

ఆమె వదిలేసింది. ఆయన చెయ్యి కిందికి కుంగింది. గబుక్కున రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు.

"ఏంటే, ఇంత బరువుంది!"

"ఎప్పుడూ ఇంతేనండీ. ఇన్నాళ్ళూ నేనే మోసుకున్నాను" అంది ఆమె, వెనక్కి వాలుతూ. "సరిగ్గా పట్టుకోండి. ఇంకోటి కూడా ఉంది."