రెండోసారి అడగలేదు

మిరియమ్ ఆ మాటను గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు పలికింది. "ఖుట్స్‌పా! ఈ అమ్మాయిది ఖుట్స్‌పా!" అని సృజన భుజం తట్టి, ఆఫీసు కిచెన్‌లో ఉన్న అందరికీ వినపడేలా నవ్వింది. నీలిమ చేతిలో టీ కప్పు ఉంది గనక సరిపోయింది, లేకపోతే తనూ చప్పట్లు కొట్టాల్సివచ్చేది.

అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి మిరియమ్ మేనేజరు. సపోర్ట్ టీమ్‌కు కొత్త లీడ్ సృజన అని ఆ పొద్దుటే ప్రకటించింది. నీలిమ అక్కడ ఆరేళ్లుగా పనిచేస్తోంది. సృజన వచ్చి ఏడాది కూడా కాలేదు. యూనివర్సిటీ చదువు ముగించుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న ఆ వరంగల్ పిల్లను ఇంటర్వ్యూకు పంపించింది నీలిమే. మొదట్లో తన డబ్బాలోంచి సగం అన్నం పెట్టిందీ నీలిమే. పరిచయమైన రోజే "నువ్వు" అని పిలిచినప్పుడైనా ఈ పిల్ల సంగతి తెలుసుకోవాల్సింది. ఇప్పుడు తెచ్చి నెత్తిన కూర్చోబెట్టారు. కడుపు మండదా మరి?

మధ్యాహ్నం ఉండబట్టలేక మిరియమ్ దగ్గరికి వెళ్లి, ఆ మాటకు అర్థమేమిటని అడిగింది. మాటల గురించి అడిగితే మిరియమ్‌కు పండగే. పోలండ్ నుంచి మెల్‌బోర్న్ చేరిన యూదుల కుటుంబం వాళ్లది. ఆమెను పెంచిన అమ్మమ్మ ఇంట్లో యిడ్డిష్ తప్ప మరో భాష మాట్లాడేది కాదట.

"అమ్మమ్మ నోట ఖుట్స్‌పా అని వచ్చిందంటే నా వీపు విమానం మోత మోగబోతోందని అర్థం. ఆవిడకది తిట్టు, సిగ్గులేనితనం. ఇంగ్లిష్‌లోకి వచ్చాకే మెప్పుకోలు అయింది. ఇంగ్లిష్‌లోనే గట్స్ అంటారే, అది వేరు. గట్స్ ఉన్నవాళ్లు తమకేమైనా ఫరవాలేదని దూకుతారు. చీక్ అంటే చిన్నపిల్లల ఆగడం, విసుక్కుంటూనే నవ్వుతాం. గాల్ ఉందే, అది మహా చేదు. నీ పొట్టకొట్టి, మళ్లీ నీ దగ్గరికే అప్పుకొచ్చేవాళ్లది గాల్."

నీలిమకు ఆ చివరిది బాగా నచ్చింది. సృజనకు అచ్చంగా కొలిచి కుట్టినట్టుంది.

సాయంత్రం దోసె తిరగేస్తూ ఇదంతా మొగుడు శ్రీపతికి చెప్పింది. "ఖుట్స్‌పా అట, ఖుట్స్‌పా! మా తెనాలిలో అయితే పొగరంటారు. బరితెగింపంటారు."

"చొరవ అని కూడా అంటారేమో," అన్నాడు శ్రీపతి. ఆమె మొహం చూసి, వెంటనే చట్నీ బ్రహ్మాండంగా ఉందన్నాడు.

మర్నాడు నీలిమ తెగించింది. మిరియమ్ గదిలోకి వెళ్లి, కూర్చోకుండానే అడిగేసింది, "ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను కదా. లీడ్ అనేసరికి నేనెందుకు గుర్తురాలేదు?"

మిరియమ్ కళ్లజోడు తీసింది. "మొదట నిన్నే కదా అడిగాను! కెటిల్ దగ్గర. నేనేం సరిపోతాను, ఇంకా చాలామంది ఉన్నారు కదా అన్నావు."

నిజమే, అంది. సంతోషంతో ఎగిరి గంతేయాలనిపించినా అలాగే అంది. నీలిమ పెరిగిన ఇంట్లో మారు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం మర్యాద. ఆ చెయ్యి పక్కకు తోసి వడ్డించడం ఇంటివాళ్ల మర్యాద. మిరియమ్ అడ్డం పెట్టిన చెయ్యి చూసి, గరిటె వెనక్కి తీసుకుంది. ఆవిణ్ణి ఏమనడానికీ లేదు.

"ఇంకోసారి అడుగుతారనుకున్నాను," అంది నీలిమ చిన్నగా.

"వద్దన్న మనిషిని మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టు కాదూ?" అంది మిరియమ్. ఆవిడ మొహంలో నిజమైన బాధ కనిపించింది, కానీ దానివల్ల ఒరిగేదేముంది?

మిరియమ్ మీద కోపం అక్కడితో పోయింది. ఆ కోపం కూడా వచ్చి సృజన మీద పడింది. ఎందుకంటే ఆ రోజుల్లోనే సృజన కూడా నీలిమను అడిగింది. "అక్కా, లీడ్ పోస్టుకు నువ్వు అప్లికేషన్ పెడ్తున్నవా? నువ్వు పెడ్తె నేను పెట్ట," అంది. "నాకెందుకమ్మా ఆ తలనొప్పి, నువ్వు పెట్టుకో," అంది నీలిమ. మిరియమ్‌కు తెలియదు సరే. ఇలాంటి విస్తళ్ల ముందే కూర్చుని పెరిగిన పిల్లకు ఏమైంది?

లంచ్ వేళకు సృజన ఎప్పటిలా చెరువు గట్టున బెంచీ మీద డబ్బా విప్పుకుని కూర్చుంది. నీలిమ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నేను మాటవరసకు వద్దన్నానని మిరియమ్‌కు తెలీదు. నీక్కూడా తెలీదా?"

సృజన చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసింది. "తెల్సక్కా."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టిన. ఇంకొక్కసారి అడిగితే నువ్వు సరే అంటవని గూడ తెల్సు. అందుకే అడగలే."

నీలిమ దారిపొడుగునా పోగేసుకొచ్చిన తిట్లన్నీ అబద్ధానికి సరిపడేవే. ఈ పిల్ల అబద్ధమాడుతుందని, తను ఆ అబద్ధాన్ని పట్టుకుంటుందని అనుకుని వచ్చింది. అదే తనైతే ఏం చేసేది? ఒక్కసారి కూడా అడిగేది కాదు. చడీచప్పుడు లేకుండా అప్లికేషన్ పెట్టుకుని, ఉద్యోగం వచ్చాక మిఠాయి డబ్బాతో ఎదురొచ్చి, వాళ్లే పిలిచి ఇచ్చారమ్మా అని ఒట్టేసేది. నీలిమకు ఇప్పుడు ఉద్యోగం మీదకన్నా ఆ "తెల్సక్కా" మీద ఎక్కువ అసూయ పుట్టింది. అంత మాట అనేసి కళ్లు దించుకోకుండా చూస్తోందే, ఆ చూపు మీద పుట్టింది.

"కోపమొచ్చిందా అక్కా?"

అబ్బే, కోపమెందుకమ్మా అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. నీలిమ దాన్ని మింగేసింది.

"వచ్చింది. నిన్ను చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. ఆ ఉద్యోగం నాకు కావాలి సృజనా. మొదట్నించీ కావాలి."

మరీ గట్టిగా అన్నట్టుంది, కుక్కను నడిపించుకుంటూ పోతున్న ముసలాయన ఆగి చూశాడు. చూస్తే చూడనీ అనుకుని నీలిమ అక్కడే నిలబడింది. ఇంతకాలానికి మనసులో మాట బయటికి అనేసింది గదా, ఇక అవతలివాళ్లు కరిగిపోవాల్సిందేనని ఆమెకు అనిపించింది.

సృజన డబ్బా మూత పెట్టింది. పక్కకు జరిగి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చింది.

"నాక్కూడ కావాలె అక్కా," అంది.