జంగమ్మ కొంగుముడిల ఇత్తడి డబ్బి

రాండ్రి బిడ్డా, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చెవుల మీదికి దుప్పటి గుంజుకుంటే సగం కథనే ఇనవడ్తది.

ఇప్పుడు ఇమానాలు దిగుతున్నయి సూడు, ఆ జాగల అప్పుడు జొన్నచేన్లుండె. జర్మనోళ్ళతోని లడాయి నడుస్తున్న కాలం. మోటరు హారను ఇనవడ్డదంటే శంషాబాదు ఆడోళ్ళు పొయ్యి మీది కూర ఇడిసిపెట్టి బజారుకు ఉరికేటోళ్ళు. ఊరందరికి ఒక్కటే కిరాయి మోటరు. అది జంగమ్మ పెనిమిటి శంకరయ్యది, ఆయన దోస్తు హమీద్‌ది. ఒక జాగీర్దారు ఇగ నాకొద్దని ఇడిసిన పాత బండి. శంకరయ్య నడుపుతడు, హమీద్ మరమ్మతు చేస్తడు. జంగమ్మ గొప్పలు చెప్తది.

ఆ గొప్పలే ఆనాడు ఆమె మెడకు సుట్టుకున్నయి.

మంఖాల్‌ల జంగమ్మ చెల్లె భాగ్యమ్మ లగ్గం, పగటి పన్నెండింటికి. మన దిక్కు పెండ్లిపిల్లకు రెండు పుస్తెలు గద, ఒకటి తల్లిగారిది, ఒకటి అత్తగారిది. తల్లిగారి పుస్తె శంషాబాదు అవుసలాయన చేసిండు. దాన్ని జంగమ్మ తీస్కపోవాలె. సుట్టాలంత తెల్లారకముందే కచ్చురాలు గట్టుకొని బైలెల్లుకుంట, "పుస్తె మాకియ్యరాదే పిల్లా, మేం పదిలంగ తీస్కపోతం" అన్నరు. జంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "మీ ఎడ్లు నెమరేసుకుంట పొయ్యేయాల్లకు మేం మోటర్ల పోయి, అన్నం తిని, ఓ కునుకు గూడ తీస్తం" అన్నది.

కచ్చురాలు పోయినయి. పుస్తె జంగమ్మ కొంగుముడిల ఉన్నది. మోటరేమో వాకిట్ల పొట్ట ఇప్పుకొని ఉన్నది.

ఆ మోటరుకు ఒక్కటే రోగం. కోసెడు దూరం పోకముందే ముంగటికెల్లి బుస్సుమని పొగలు. ఏం రోగమో హమీద్ కనిపెట్టిండు. ఇంజను మీద పిడికెడంత ఇత్తడి డబ్బి ఉంటది, దాని పేరు థర్మోస్టాట్. "దర్వాజ అనుకో చెల్లే" అని జంగమ్మకు సమజు చేసిండు. "నీళ్ళు సల్లగున్నంతసేపు మూసుకొని ఉంటది. కాగినంక తెరుసుకుంటది. అప్పుడు నీళ్ళు ముంగటి జాలీలకు పోయి, సల్లారి మల్ల ఇంజన్లకు వస్తయి. మన బాయినీళ్ళ సున్నం పేరుకొని మన దర్వాజ తెరుసుకుంటనే లేదు."

రెండు దినాలు పట్నమంత తిరిగి కొత్త డబ్బి తెచ్చిండు. నీళ్ళు పొయ్యే రబ్బరు గొట్టాలు గూడ పలిగినయి. అవి మాత్రం ఎక్కడ దొర్కలే, రబ్బరంత లడాయికే పోతున్నది.

గొట్టాలకు ఉపాయం జంగమ్మనే చెప్పింది. "మోట తొండం తోలుది గాదా అన్నా? బాయినీళ్ళన్ని దాంట్లకెల్లే గద పారేది. బుచ్చయ్య మామను పిలువు."

మోటలు కుట్టే బుచ్చయ్య ఆరె పట్టుకొని వచ్చిండు. ఇంజను సుట్టు రెండుమార్లు తిరిగి, "అంత మంచిగనే ఉన్నది గని, దీనికి ఎడ్లనెక్కడ గడ్తరు?" అని అడిగిండు. అడిగి, జవాబుకు ఆగకుండ కూసోని రెండు బుల్లి తొండాలు కుట్టిండు. ఆముదం రాసి, తీగెలు సుట్టి బిగిచ్చిండు.

అరుగు మీద కూసోని ఆకు నములుతున్నది జంగమ్మ అత్త ఈరమ్మ. "ఇంజనుకు తొండం గూడ పెట్టిండ్రు. ఇగ పెండ్లికెందుకు, చవితిదాంక ఆగి దండేసి మొక్కుదం" అన్నది.

"నువ్వు ఉండ్రాళ్ళు చెయ్యత్తా, మేం పెండ్లికి పోయొస్తం" అన్నది జంగమ్మ.

ఇగ కొత్త డబ్బి బిగిస్తే అయిపోయె. హమీద్ అరుగు దిక్కు చెయ్యి సాపిండు. సాపిన చెయ్యి సాపినట్టే ఉన్నది. అరుగు మీద రెండు డబ్బీలు, అద్దాల తీర్గ తళతళ మెరుస్తున్నయి.

"చెల్లే, ఇవి రెండు గిట్లెందుకు మెరుస్తున్నయి?"

"మెర్వయా మరి? లగ్గంనాడు ఇంట్ల ఇత్తడి మురికిగ ఉంటదా? పొద్దున బిందెలు, చెంబులతోని ఇవి గూడ తోమిన. ఒకదానికి సున్నం గట్టి ఉండె, ఇంకోదానికి నల్ల గిరీసు పూసి ఉండె. చింతపండు నీళ్ళల్ల చానసేపు నానబెట్టి, బూడిదేసి రుద్దేసరికి నా రెక్కలు పోయినయి!"

హమీద్ నెత్తి పట్టుకొని అక్కడనే కూలవడ్డడు. "యా అల్లా! ఇగ కొత్తదేది, పాతదేది?"

శంకరయ్య రెండిటిని ఎగిరేసి సూసిండు, వాసన సూసిండు. "ఓ నా తల్లీ, నీ నోటికో దండం, నీ చేతికో దండం" అన్నడు. ఈరమ్మ నవ్వింది. "పాతది పెడ్తే కునుకు మంఖాల్‌ల గాదు, దార్లనే తీస్తరు."

పొద్దు బారెడెక్కింది. పీట మీద తల వంచుకొని కూసున్న భాగ్యమ్మ జంగమ్మ కండ్లల్ల మెదిలింది. పుస్తె లేదంటే లగ్గం తప్పుతది. తప్పితే ఆ మాట సచ్చేదాంక జంగమ్మదే. కొంగుముడి గట్టిగ పట్టుకున్నది. పట్టుకోంగనే తట్టింది.

"అన్నా, కాగితే తెరుసుకుంటది అన్నవు గద?"

"అన్న."

"అయితే కాగవెడ్దం తియ్యి!"

ఈరమ్మ స్నానానికి పెట్టుకున్న ఎసరు పొయ్యి మీద మసులుతనే ఉన్నది. రెండు డబ్బీలకు దారాలు గట్టి అండ్ల ఇడిసిండ్రు. ఐదు నెత్తులు కుండ మీదికి వంగినయి. ఒక డబ్బి మెల్లగ, పిట్టపిల్ల తీర్గ నోరు తెరిసింది.

"ఇదే! కొత్తదిదే!" హమీద్ ఎగిరి దుంకిండు. శంకరయ్య బుచ్చయ్యను ఎత్తుకున్నడు. ఎత్తుకున్న మనిషిని దించకముందే రెండోది గూడ నోరు తెరిసింది.

గాల్ల ఉన్న బుచ్చయ్యనే మొదలన్నడు, "అంటే రెండు కొత్తయే అయినయా?"

హమీద్‌కు అప్పుడు తెల్సింది. చింతపండు సున్నాన్నంత తిన్నది. "చింతపండు పనికి నేను రెండు దినాలు పట్నమంత తిరిగిన్నా?" అనుకుంట పొట్ట పట్టుకొని నవ్విండు. ఆయనను సూసి శంకరయ్య, శంకరయ్యను సూసి జంగమ్మ. ఈరమ్మైతే ఆకు గొంతుల పడి, దగ్గుకుంటనే నవ్వింది.

ముందుగాల నోరు తెరిసినదాన్ని ఇంజన్ల బిగిచ్చిండ్రు. దార్ల అక్కరకొస్తదని రెండోదాన్ని జంగమ్మ పుస్తె పక్కనే ఇంకో ముడేసుకున్నది. నీళ్ళు పోస్తే తోలు గొట్టాలు టపటప కారినయి. "పరేషాన్ గాకుండ్రి, తడిసి ఉబ్బితే కుట్టు బిగుస్తది" అన్నడు బుచ్చయ్య. అన్నట్టే కారుడు ఆగింది.

ఇగ పోయిండ్రు బిడ్డా! ఈరమ్మ నమ్మక, ఇంజన్ల పోసుడుకు నీళ్ళ బిందె ఒళ్ళె పెట్టుకున్నది. హమీద్ పక్కమెట్టు మీద నిలవడి ఏలాడవట్టె. "పొగ?" అని లోపలికెల్లి జంగమ్మ. "లేదు!" అని బయటికెల్లి హమీద్. మామిడిపల్లి దాటిండ్రు. "పొగ?" "లేదు!" ఇద్దరు పాట తీర్గ అందుకున్నరు. "ఈ బిందె నేనెందుకు మోస్తున్న మరి?" అని ఈరమ్మ అంటనే ఉన్నది, మోటరు గుంతల పడ్డది. బిందె నీళ్ళన్ని ఆమె మీదనే ఒలికినయి.

మంఖాల్‌ల డప్పులు మోగుతున్నయి. అయ్యగారు "పుస్తె, పుస్తె" అని చెయ్యి సాపిండు. జంగమ్మ ఆయాసంతోని ఉరికొచ్చి, ముడి పండ్లతోని ఇప్పి, పళ్ళెంల ఠంగుమని ఏసింది.

అయ్యగారు పైకెత్తి సూసిండు. పిడికెడంత ఇత్తడి డబ్బి. పెండ్లిపిలగాడు ఎనుకకు జరిగిండు. డప్పులు ఆగినయి. భాగ్యమ్మ ముసుగు పైకెత్తి అక్క మొఖం సూసింది.

ఈరమ్మ తడిసిన చీరతోని, నీళ్ళు కారుకుంట ముంగటికొచ్చింది. పొద్దటి నుంచి ఎక్కిరిచ్చిన మనిషి ఏమన్నదో తెల్సా? "ఏంది గట్ల సూస్తరు? అది మా మోటరు పుస్తె. గసోంటిది కట్టుకొనే ఇంతదూరం ఉరికొచ్చింది. మీది రెండో ముడిల ఉన్నది, నా కోడలు తెస్తదన్నంక తెస్తది!"

రెండో ముడి ఇప్పితే బంగారం తళుక్కుమన్నది. పందిరంత నవ్వులే. అయ్యగారు నవ్వుకుంట మంత్రం మరిసి, మల్ల మొదటికెల్లి అందుకున్నడు. లగ్గం తప్పలే. జంగమ్మ అన్నం తిన్నది, కునుకు గూడ తీసింది.

అప్పటి సంది మన ఇంట్ల ఏ పెండ్లయినా ఆ డబ్బిని చింతపండుతోని తోమి, పుస్తెమట్టెల పక్కన పళ్ళెంల పెడ్తరు. రేపు నీ లగ్గంల గూడ పెడ్తరు బిడ్డా. అయ్యగారు ఇదేందని అడుగుతడు. నవ్వి ఊకోకు. జంగమ్మ గొప్పల కాడికెల్లి మొదలువెట్టి అంత చెప్పు. బుచ్చయ్య తొండాలు మరువకు. ఈరమ్మ తడిసిన చీరను అస్సలు మరువకు.