మలుపు గోడ మీద చిరుత

అత్తయ్య కాలు అతుక్కుంది గానీ గుండె అతుక్కోలేదు. అదీ అసలు గొడవ. ఇంటి ముందు మలుపు దగ్గర బండొకటి గుద్ది పోయాక ఎముక బాగుచేసిన డాక్టరు, "ఇక మీరు పరుగెత్తొచ్చు" అన్నాడు. పరుగు మాట దేవుడెరుగు, రోడ్డు దాటాలంటేనే ఆవిడకి ముచ్చెమటలు. అవతల ఆవిడ కుట్టుమిషను కొట్టు మూతబడి ఉంది. రోజూ పొద్దున్నే తయారై గుమ్మం దాకా వస్తుంది, మలుపు తిరిగి దూసుకొచ్చే బళ్ళని చూస్తుంది, "ఇవాళ ఒంట్లో బాగోలేదే" అని వెనక్కి తిరుగుతుంది. ఇంటిల్లిపాదినీ మాటలతో ఆడించిన మనిషి, కూరలో ఉప్పు లేకపోయినా నోరెత్తకుండా తినేసి లేస్తోంది. ఆ నోటికి జడిసి కోడలు ఎన్నిసార్లు పెరట్లోకి పారిపోయిందో గానీ, ఇప్పుడు అది వినబడకపోతే ఆమెకే ఏడుపొస్తోంది.

కోడలు కొట్లకి బోర్డులు రాస్తుంది. మొండిఘటం. బళ్ళ జోరు తగ్గడానికి స్పీడ్ బ్రేకర్ వేయమని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. సరే, గోడకే చెప్పుకుందాం అనుకుంది.

మలుపులో, వచ్చే బళ్ళకి ఎదురుగా, గోడౌను గోడ ఉంది. దాని మీద చిరుతని వేస్తానంది. చూసినవాడి కాలు దానంతటదే బ్రేకు మీదకి పోవాలట. గోడౌను ఆసామి, "రంగు నీదైతే నాకేం, వేసుకో" అన్నాడు.

"పులిని వేయకూడదా వదినా?" అన్నాడు వ్యాను తోలే మరిది.

"అగ్గిపెట్టె మీద పులే, బనీను మీద పులే. దానికి ఇంకెవడు భయపడతాడయ్యా?"

ఉన్న పనితనమంతా ఆ గోడ మీద కుమ్మరించింది. ఆకుల మధ్య బండ మీద కూర్చున్న చిరుత. ఒక్కో మచ్చనీ విడిగా దిద్దింది, మీసాలు సన్నకుంచెతో లాగింది, కంట్లో తడి కూడా పెట్టింది. వీధి వీధంతా వచ్చి నోరెళ్ళబెట్టింది. పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. గోడౌను ఆసామి అయితే తనే గీసినట్టు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇంత మంచి బొమ్మ ఆమె జన్మలో వేయలేదు, మళ్ళీ వేయగలనన్న నమ్మకమూ లేదు.

బళ్ళు మాత్రం వచ్చే జోరులోనే వచ్చాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి బొమ్మని చాలాసేపు చూసింది. మొహం కాస్త విచ్చుకుంది కూడా. అంతలో బైకొకటి రయ్యిమంటూ పోయింది. ఆవిడ లోపలికెళ్ళి పడుకుంది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వెళ్ళి మరిది వ్యాన్లో కూర్చుంది.

"నువ్వు రోజూ వచ్చే జోరులోనే రా."

"నేను మెల్లిగానే వస్తాను వదినా."

"నా దగ్గరా నీ కథలు? పోనీయ్!"

మలుపు వచ్చింది, పోయింది. ఎవరో గళ్ళదుప్పటి ఆరేసినట్టు ఏదో కనబడింది, అంతే. మచ్చలూ ఆకులూ కలిసిపోయాయి. మీసాలు సరేసరి.

"భలే ఉంది వదినా నీ చిరుత!"

"అక్కడుందని నీకు ముందే తెలుసు. తెలియనివాడికి అది చిరుతా కాదు, నా తలకాయా కాదు."

ఇంటికొచ్చి సున్నం బకెట్టు తీసింది. మరిది చెయ్యి పట్టుకున్నాడు. "మతిపోయిందా? బంగారంలాంటి బొమ్మ! పక్కన ఇంకోటి వేసుకోరాదూ?"

"పక్కన గోడేదీ?"

తోక చెరిపింది, ఒళ్ళు చెరిపింది. మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఏడ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని అదీ చెరిపేసింది.

ఈసారి గోడంతా చీకటిరంగు పూసింది. అందులోంచి చిరుత నేరుగా మన మీదకే వస్తోంది. తల కిందికి దించింది, భుజాలు తలకంటే పైకి లేచాయి. మొహం వ్యానంత ఉంది, కళ్ళు సరిగ్గా డ్రైవరు కళ్ళ ఎత్తున. ఒళ్ళు సగం చీకట్లోనే వదిలేసింది. కంచాలంతేసి మచ్చలు కొన్నే వేసింది. ముందుకాలు గోడ అడుగున రోడ్డు అంచుని తొక్కుతోంది. కాస్త వేయడం, రోడ్డు ఆ చివరికి పరుగెత్తి కళ్ళు చికిలించి చూడడం. అక్కణ్ణుంచి కనబడనిదల్లా వచ్చి చెరిపేయడం. ఎండ మాడ్చేస్తున్నా, చూసినవాళ్ళు పిచ్చిదన్నా ఆగలేదు.

మళ్ళీ వ్యానెక్కింది. మలుపులో మరిది "అమ్మో!" అని బ్రేకు తొక్కాడు. ఆమె నుదురు ముందు అద్దానికి కొట్టుకుని బొప్పి కట్టింది. బొప్పి రుద్దుకుంటూ పడీపడీ నవ్వింది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. లారీ ఒకటి మలుపు తిరిగి, ఉలిక్కిపడ్డట్టు తగ్గి, పాకుతూ పోయింది. వెనకాల బైకు, దాని వెనకాల కారు కూడా అంతే. ఆవిడ చాలాసేపు చూస్తూ నిలబడింది. కోడలు చెయ్యందించింది.

"ఎందుకే? నాకు కాళ్ళు లేవా?" అని ఆవిడే రోడ్డు మీదికి దిగింది.

సగం దూరం నడిచి, రోడ్డు నడిమధ్య ఆగి గోడకేసి తిరిగింది. ఒక కారు బుద్ధిగా ఆగి ఆవిడ కోసం ఎదురుచూస్తోంది.

"ఏమే, ముందు వేసిందే బాగుంది. దీనికి మీసాలేవీ?"

ఆ గొంతు వినేసరికి కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకూ అదే నచ్చింది అత్తయ్యా. ముందు మీరు రోడ్డు దాటండి."