నడిమి డబ్బా

ఎద్దులబండి టీవీ తెర ఎడమ అంచు నుంచి బయలుదేరింది. అక్కడ ఉన్నంతసేపు చక్రం మట్టిని నలుపుకుంటూ పోయిన చప్పుడే వచ్చింది. నడిమికి వచ్చేసరికి ఇనుప రేకు మీద దొర్లినట్లయింది. కుడి అంచుకు చేరాక మళ్ళీ మట్టి. బాట చూస్తే ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకటే ఎర్రమట్టి.

మునికృష్ణప్ప చెవిలో చిటికెనవేలు పెట్టి కుదిపాడు.

"ఏమే, బండి రేకు మీద పోయిందా?"

భార్య పుట్టమ్మ చాట ముందర పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "రేకు యాడిది? బాట మీద పోతాండాది గదా."

"నడిమిలో?"

"నడిమిలో ఎద్దులుండాయి. నీ చెవుల్లో గుబిలి నిండిపోయుండాది."

ఆ ఊళ్ళో, అంటే జంగమకోటెలో, మునికృష్ణప్ప రోజుకు పది మాటలు ఆడితే ఎక్కువ. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నమంతా ఒకటే ఆలోచన. తెర మీద తండ్రి వేషంవాడు గుమ్మంలో నిలబడి కేకేస్తే ఒక గొంతు, నడిమికి వచ్చి కూర్చుని మాట్లాడితే ఇంకో గొంతు. మనిషి ఒకడే. మీసం ఒకటే. గొంతులు మాత్రం రెండు.

టీవీకి అటూ ఇటూ ఉన్న నిలువు స్పీకరు డబ్బాలు పాతవి. ఐదేళ్ళ కిందట, రెండువేల ఒకటిలో, కూతురు నేత్ర పెళ్ళప్పుడు చిక్కబళ్ళాపురంలో శ్రీనివాసమూర్తి అనే అంగడాయన దగ్గర చేయించినవి. పాటలకు ఆ రెండే ఉండేవి. మొన్న వారం అల్లుడు అంబరీష్ చింతామణి నుంచి వచ్చి కొత్త ఆంప్లిఫయరు, డీవీడీ ప్లేయరు పెట్టి, టీవీ నెత్తిమీద అడ్డంగా ఇంకో డబ్బా పడుకోబెట్టాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది. పేరున్న కంపెనీది, బెంగళూరులో కొన్నాడట. పుట్టమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది.

"ఇది సెంటర్ స్పీకరు మామా. పక్కవాటికి పాట, దీనికి మాట. సినిమాలో వాళ్ళు మన ముందర కూచోని మాట్లాడినట్లుంటాది" అన్నాడు అంబరీష్. బోరు మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. మోటారు తిరుగుతుంటే గోడ ఇవతల నిలబడి, లోపల బేరింగు అరిగిందో లేదో చెప్పేస్తాడని చింతామణిలో పేరుంది. అలాంటివాడు చెవి పెట్టి కొని తెచ్చినది చెడ్డదెలా అవుతుంది?

పైగా అల్లుడు తెచ్చినదానికి వంక పెట్టడం ఆ ఇంట్లో లేదు. పోయిన ఏడు తెచ్చిన చెప్పులు కాలు కొరికినా మునికృష్ణప్ప ఆరునెలలు తొడుక్కుని, బాగున్నాయనే చెప్పాడు.

డబ్బాలో లోపం లేదంటే ఇంక మిగిలింది తన చెవి. అతని బతుకేమో ఆ చెవి మీదే నడుస్తోంది.

ఇంటి వెనక పట్టుపురుగుల ఇల్లు ఉంది. పురుగు నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా పడుకుని చర్మం విడుస్తుంది. దాన్ని ఆ పక్క రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఆకలి ఆకలి కాదు. మల్బరీ ఆకు పైన వేసీ వేయకముందే, ఎండుటాకుల మీద వాన పడ్డట్లు ఇల్లంతా చప్పుడు మొదలవుతుంది. అందరూ టార్చి వేసి తట్టలు చూస్తే, మునికృష్ణప్ప గుమ్మంలో నిలబడి వింటాడు. వాన నిండుగా ఉంటే పురుగు బాగున్నట్లు. పలచబడితే ఏ తట్టలోనో రోగం మొదలైనట్లు. కంటికి కనబడకముందే ఒకటి రెండు రోజుల ముందర అతనికి తెలుస్తుంది. అట్లా ఎన్ని పంటలు దక్కించుకున్నాడో.

సోమవారం పొద్దున ఆకు వేసి గుమ్మంలో నిలబడ్డాడు. తట్టలు అంతస్తులుగా పేర్చిన స్టాండ్లు మూడు. ఎడమ స్టాండు నిండు వాన. కుడిదీ అంతే. నడిమి స్టాండు దగ్గర వాన పలచబడింది. పచ్చాకు మేస్తున్నట్లు లేదు, ఎండిన కాగితాన్ని గోటితో గీకినట్లుంది.

అతను గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇంట్లోనూ నడిమిదే. ఇక్కడా నడిమిదే. రెండుచోట్లా నడిమే పలచనగా వినబడుతోందంటే లోపం స్టాండులో లేదు, డబ్బాలో లేదు. రెండు చెవులకూ మధ్యన, తన తలలోనే ఎక్కడో చిల్లు పడింది.

"ఇట్ల రా. ఈ తట్టలు చూడు" అని పుట్టమ్మను పిలిచాడు.

ఆమె నడిమి స్టాండులో ఒక్కొక్క తట్టా లాగి చూసింది. "ఏమైంది? తెల్లగా, లావుగా ఉండాయి. ఆకు తింటాండాయి."

"చప్పుడు?"

"నాకేం తెలుసు చప్పుడు? అది నీ పని గదా. బండి రేకు మీద పోయిందనేవాడివి, నిన్ను నమ్మేదెట్లా?"

నవ్వుతూనే అంది. అతనికి మాత్రం గట్టిగా తగిలింది. సప్పె రోగం అయితే పురుగు లోపల మెత్తబడుతుంది, ఒక తట్ట నుంచి పది తట్టలకు పాకుతుంది. ఇవాళే తీసి బయట పెట్టాలి. తన చెవే చెడి ఉంటే మాత్రం, మంచి పురుగును చేతులారా పాడుచేసుకున్నట్లు. గూడు కట్టడానికి ఇంక నాలుగు రోజులే ఉంది. తీయాలా, వద్దా? చెవి నమ్మాలా, కళ్ళు నమ్మాలా?

చివరికి ఒకటి తోచింది. పురుగును ఎవరికి చూపించినా బాగుందనే అంటారు, తన చెవి ఏం వింటోందో ఎవరికీ చూపించలేడు. డబ్బాను చూపించవచ్చు. డబ్బా చెడిందని తేలితే చెవి బాగున్నట్లే.

నల్ల డబ్బాను కిందికి దించి, తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు. పట్టుగూళ్ళ సంత ఉన్న శిడ్లఘట్టలో బస్సు మారేటప్పుడు కండక్టరు సంచి తడిమి, "ఏమప్పా, గూళ్ళు మార్కెట్టుకు తెచ్చి మళ్ళీ ఎత్తుకోని పోతాండావు, రేటు రాలేదా?" అన్నాడు. మునికృష్ణప్ప "ఊఁ" అన్నాడు. ఉన్నది చెబితే చాలా చెప్పవలసి వస్తుంది.

చిక్కబళ్ళాపురంలో శ్రీనివాసమూర్తి డబ్బాను బల్ల మీద పెట్టి, వెనక మరలు విప్పి, లోపల చూసి, తీగలు తగిలించి ఒక పాట వేశాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. దూరం జరిగి విన్నాడు.

"నిక్షేపంగా ఉండాదప్పా. మంచి కంపెనీ. నేను చేసేవాటికన్నా మేలు. ఎవరు తెచ్చింది?"

"అల్లుడు."

"బంగారమట్లా అల్లుడు."

మునికృష్ణప్ప ముఖం వాడిపోయింది. డబ్బా బాగుంది. అంటే...

"నాకు చెవి పోయిందప్పా" అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

శ్రీనివాసమూర్తి అతన్ని ఎగాదిగా చూశాడు. "నేను మెల్లగా మాట్లాడేదంతా వినపడతానే ఉండాది గదా?"

"మాట వినపడతాది. మాట ఎవరిదో తెలీడంలేదు."

అంగడాయన తన దగ్గరే తయారైన నిలువు డబ్బాలు రెండు తెచ్చి అటూ ఇటూ పెట్టి, నల్లదాన్ని నడుమ ఉంచాడు. "ఆంప్లిఫయరులో ఒక గుండీ ఉండాది. అది నొక్కితే పాట రాదు, మాట రాదు. ఒకే చప్పుడు, వరసగా మూడింటిలో వస్తాది. విను" అన్నాడు.

శ్శ్ అని ఎడమ డబ్బాలోంచి వచ్చింది.

మునికృష్ణప్ప ఉలిక్కిపడ్డాడు. అది వాన. నాలుగో జ్వరం లేచిన పురుగు తొలి ఆకు మేసే చప్పుడు. ఇంత దూరం వచ్చి, బస్సుల రోడ్డు మీద, గాజు అద్దాల అంగడిలో తన పురుగుల ఇల్లు వినబడుతోంది. చప్పుడు నడిమికి జరిగింది. కాగితం. కుడికి పోయింది. వాన.

"నడిమిదానికి జ్వరమొచ్చినట్లుండాదప్పా" అన్నాడు తనకు తెలియకుండానే.

శ్రీనివాసమూర్తి గబుక్కున నల్ల డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "వేడి లేదే? చల్లగానే ఉండాది."

"ఆ జ్వరం కాదు. పురుగు జ్వరం. జ్వరానికి కూచునే ముందర మేత తగ్గిస్తాది గదా, అప్పుడు చప్పుడు ఇట్లే పలచనైతాది."

అంగడాయన చెయ్యి తీయకుండా అతనివైపే చూశాడు. "అయితే ఆ గోడవైపు తిరిగి కూచో" అన్నాడు.

మునికృష్ణప్ప తిరిగి కూర్చున్నాడు. వెనక డబ్బాలు జరుపుతున్న చప్పుడు. శ్శ్. శ్శ్. శ్శ్.

"ఇప్పుడు నడిమిది మంచిదే. ఎడమది పలచన."

మళ్ళీ జరిపాడు.

"కుడిది."

ఇంకోసారి ఏమీ జరపకుండా జరిపినట్లు చప్పుడు చేశాడు.

"కుడిదే. నువ్వేం మార్చలేదు."

శ్రీనివాసమూర్తి పెద్దగా నవ్వాడు. "చెవి పోయిందంటివే! బెంగళూరులో యంత్రం పెట్టి చెప్పేది నువ్వు గోడకు తిరిగి చెప్తాండావు. ఇట్ల చూడు." ఒక నిలువు డబ్బా పైన ఉన్న చిన్న బొడిపెను వేలితో చూపించాడు. "సన్న చప్పుళ్ళన్నీ దీంట్లోంచే వస్తాయి. నేను దీనికి వేసేది పట్టుగుడ్డ. మీ అల్లుడు తెచ్చినదానికుండేది లోహపు రేకు. అదీ మంచిదే, ఇదీ మంచిదే. జత కావంతే."

"పట్టా?"

"పట్టే. నిజమైన పట్టు."

మునికృష్ణప్ప వేలు చాచి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. డబ్బా బాగుంది, చెవీ బాగుంది, అయినా తప్పు ఉంది. తప్పంటే ఎవరో ఒకరు చెడి ఉండాలని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఎవరూ చెడకుండానే తప్పు ఉండవచ్చునన్నది అతనికి సరిగ్గా మింగుడుపడలేదు. కానీ ఒక్కటి మాత్రం తెలిసింది. పలచదనం డబ్బా వెంట జరిగింది. తన తలలోని చిల్లయితే నడిమిలోనే ఉండిపోవాలి.

"వాటికి సరిపడా మూడోది వారంలో చేసిస్తా, కూచో, టీ తాగుదువు" అని అంగడాయన అంటుండగానే సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆకు వేసే వేళయింది. పుట్టమ్మను పిలిచి, తట్టలను తన ఇష్టమొచ్చినట్లు స్టాండ్లలో మార్చి పెట్టమన్నాడు. తాను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇదేం ఆటయ్యా? దాగుడుమూతలా?"

"మార్చు. యాడ పెట్టిందీ చెప్పద్దు."

ఆమె గొణుక్కుంటూ మార్చింది, ఆకు వేసింది. అతను కళ్ళు మూసుకుని నెమ్మదిగా విన్నాడు. నడిమి స్టాండులో ఇప్పుడు నిండు వాన. పలచదనం కుడి స్టాండులో, నడుము ఎత్తున ఒకచోట, ఎడమదాంట్లో అడుగున ఇంకోచోట. అతను తిరిగి వచ్చి నేరుగా ఆ రెండు తట్టల మీద చేతులు వేశాడు.

పుట్టమ్మ గొణగడం మానేసింది. "రెండూ నడిమిదాంట్లో నుంచి తీసిపెట్టినవే" అంది.

"తీసేస్తాండా."

"కళ్ళకు బాగుండాయి గదయ్యా! వేలవేల పురుగులు..."

"తీసేస్తాండా" అన్నాడు మళ్ళీ. తట్టలను దూరంగా కట్టెల కొట్టంలో పెట్టాడు. ఆ తర్వాత చేతులు సున్నపు నీళ్ళలో కడుక్కుని, తడి చేతులతోనే అరుగు మీద కూర్చున్నాడు. తప్పు చేశానేమోనన్న అనుమానం ఆ రాత్రీ పోలేదు, మర్నాడూ పోలేదు.

బుధవారం పొద్దున పుట్టమ్మ కట్టెల కొట్టంలోంచి వచ్చి, అరచేతిలో ఒక పురుగును చూపించింది. నడుము దగ్గర వేలు ఆనిస్తే నీళ్ళ తిత్తిలా లోపలికి దిగింది. ఇద్దరూ గొయ్యి తీసి రెండు తట్టలూ పూడ్చారు. పురుగుల ఇంట్లో మూడు స్టాండ్లూ నిండుగా మేస్తున్నాయి.

చేతులు కడుక్కుంటుండగా మొబైలు మోగింది. అంబరీష్.

"మామా, సెంటర్ స్పీకరు ఎట్లుండాది? మాట బాగా వస్తాండాదా?"

మునికృష్ణప్ప చెప్పులు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆగలేదు. "మాట బాగుండాది నాయనా. మనిషే మారిపోతాండాడు."

అవతల తిరుగుతున్న మోటారును ఆపిన చప్పుడు వచ్చింది.

"మీకూ అట్లే వినపడిందా మామా?" అన్నాడు అంబరీష్. "పెట్టిన దినమే నాకు అనుమానమొచ్చె. మీరు బాగుందంటిరి గదా. మోటార్ల రొదలో ఉండి ఉండి నా చెవే పోయిందేమోనని, ఈ వారమంతా పనిలో చెయ్యి ఆడలేదు."