పొరుగింటి ఎరుపు

నాగరికతను కొలవడానికి మానవజాతి కనిపెట్టిన సాధనాలన్నింటిలోనూ చీపురు తలమానికం. రాజ్యాలు ఖడ్గాల మీద నిలిచాయని చరిత్రకారులు రాస్తారు; క్యోటో నగరపు తూర్పు కొండల పాదాన ఉన్న మా సందు మాత్రం చీపురు మీద నిలిచింది. తెల్లవారగానే ఎవరి వాకిలి వారు ఊడ్చుకోవాలి. ఊడుస్తూ పొరుగువారి హద్దులోకి ఒక జానెడు వెళ్ళాలి. జానెడుకు తగ్గితే పిసినారితనం. జానెడు దాటితే "మీ వాకిలి ఊడ్చుకోవడం మీకు చేతకాదు" అని మొహాన అన్నట్టే. ఈ శాసనం ఏ రాతి మీదా చెక్కి లేదు. చెక్కి ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఉల్లంఘించి ఉండేవారు.

ఉల్లంఘించింది ఒగురి కిసబురోగారు కావడమే మా సందు చరిత్రలో విషాద ఘట్టం.

ఒగురిగారిది మూడు తరాల అగరుబత్తీల వ్యాపారం. ఆయన ఇంట్లో వసారా, కాగితపు తలుపులు, తోటలోని రాతి దీపస్తంభం, చివరికి మరుగుదొడ్డి కూడా తాతగారు కట్టించినవి కట్టించినట్టే ఉన్నాయి. "ఒక్క మేకు మార్చలేదు" అని ఆయన చెప్పేటప్పుడు మేము తల వంచి వినేవాళ్ళం. ప్రతి శరత్తులోనూ మా ఎర్రాకుల గోష్ఠి ఆ వసారాలోనే కూర్చుని, ఆయన తోటలోని మేపుల్ చెట్టు ఎర్రబడటాన్ని చూసి, టీ తాగి, తలో నాలుగు పంక్తుల కవిత్వం చెప్పుకుని లేచేది. లేవడానికి ఈమధ్య కొంత సమయం పడుతోంది. గోష్ఠిలో పసివాణ్ణి నేనే. నాకు డెబ్భై రెండు.

ఆ ఏడు గోష్ఠి ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి అక్టోబరు చివర ఒగురిగారింట్లోనే కలిశాం. గోష్ఠికి పెద్ద అయిన నోజు మాస్టారు రెండు చేతులా స్తంభాన్ని కౌగిలించుకుని లేస్తూ, ఆకాశంతో మాట్లాడుతున్నట్టు అన్నారు.

"ఈసారి మార్పు కోసం సెగావాగారింట్లో కూర్చుంటే ఎలా ఉంటుందంటారు?"

మా ఊళ్ళో ఇలాంటిది ప్రశ్న కాదు. రేపటి తీర్పుకు ఇవాళ తొడిగిన చొక్కా. అందరూ "బాగుంటుంది, బాగుంటుంది" అన్నారు. ఒగురిగారు కూడా అన్నారు. ఆ మాట ఆయన గొంతులోంచి చేపముల్లులా బయటికి వచ్చింది.

కారణం ఎవరూ చెప్పలేదు. కారణం చెప్పడం మోటుతనం. ఒగురిగారు దాన్ని స్వయంగా కనిపెట్టారు: పక్కింటి సెగావా తోమియేగారి మేపుల్ తన చెట్టుకన్నా ఎర్రగా పండుతోంది. తోమియేగారు క్షౌరశాల నడిపి మానుకున్న విధవరాలు. మా సందుకు వచ్చి ముప్ఫై ఏళ్ళే అయింది, అంటే నిన్ననే వచ్చినట్టు. వసంతకాలంలో పనివాళ్ళను పెట్టి ఇల్లు బాగుచేయించింది. "గోడలు మారిస్తే వంశం మారుతుందా" అని అప్పుడే ఒగురిగారు వ్యాఖ్యానించి ఉన్నారు.

నవంబరు వచ్చింది. ఒగురిగారి చెట్టు తుప్పు పట్టిన రేకులా గోధుమరంగుకు తిరిగి అక్కడే ఆగిపోయింది. గోడకు ఆవల తోమియేగారి చెట్టు కొమ్మకొమ్మకూ నిప్పంటుకున్నట్టు పండింది. మంట అవతల ఉన్నా కాలుతున్నది మాత్రం ఇవతలి మనిషి కడుపు. ఆయన రోజంతా మేడ కిటికీ దగ్గరే ఉండేవారు.

"అదీ ఒక ఎరుపేనా? పెదాలకు పూసుకునే రంగులా ఉంది. క్షౌరశాల ఎరుపు!"

ఆయన భార్య కినుయేగారు బట్టలు మడతపెడుతూ అన్నది: "నిరుడు మన చెట్టుకి ఇంతలో సగం వస్తే, అస్తమించే సూర్యుడు మనింట్లో బస చేశాడన్నారు."

"నిరుటి ఎరుపులో సంస్కారం ఉంది."

"ఉందిలెండి. దాన్నే చూస్తూ కూర్చోక, రేపటికి మీ తెల్ల మేజోళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి. ఏమండీ, వింటున్నారా? అద్దానికి ముక్కు ఆనించకండి, మరక పడుతుంది."

ఆయన వినలేదు. తోమియేగారి వాకిట్లో రాలిన ఆకులను చూస్తున్నారు. ద్వారం నుంచి సందు దాకా నల్లరాళ్ళ మీద ఎర్రని తివాచీ పరిచినట్టుంది. రేపు గోష్ఠి దాని మీదుగానే నడిచి వస్తుంది. నోజు మాస్టారు గుమ్మంలోనే ఆగి "ఆహా" అంటారు. ఆ "ఆహా" మూడు తరాలుగా ఒగురివారి సొత్తు.

మర్నాడు తెల్లవారుజామున ఆయన చీపురు పట్టుకుని జానెడు దాటారు. మూర దాటారు. ధర్మాధర్మాల హద్దును వెదురుపుల్లలతో చెరిపేస్తూ తోమియేగారి గుమ్మం దాకా వెళ్ళారు. కురుక్షేత్రంలో గాండీవం మోగిందంటారు గానీ, ఈ చీపురు చప్పుడు ఏమంత తీసిపోలేదు. నేను మా వాకిట్లో నిలబడి విన్నాను. చివరి ఆకు గోనెసంచిలో పడుతుండగా ద్వారం తెరుచుకుంది.

"అయ్యో, అన్నయ్యగారూ! ఎంత ఓపికండీ మీకు!" అన్నది తోమియేగారు. "మా వాకిలి కూడా మీదే అనుకున్నారు కాబోలు. అంత దగ్గరితనం ఎవరికుంటుంది చెప్పండి?"

"ఆకులు జారతాయి కదమ్మా. పెద్దవాళ్ళు వస్తున్నారు. ఎవరైనా పడితే మాట మీకొస్తుంది."

"నిజమే. మీరూ ఇవాళ జాగ్రత్తగా రండి. ఎంతైనా మీరూ పెద్దవారేగా."

ఆమె నవ్వుతూ వంగి నమస్కరించింది. ఆయన ఇంకా కిందికి వంగారు, మోకాలు టక్కుమంది.

మధ్యాహ్నం గోష్ఠి వచ్చింది. గుమ్మంలో నోజు మాస్టారు ఆగారు. తుడిచి, నీళ్ళు చల్లిన నల్లరాళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒకే ఒక్క ఎర్రాకు తిరుగుతూ వచ్చి రాతి నడుమ వాలింది.

"ఆహా!" అన్నారు మాస్టారు. "తివాచీ పరవడం ఎవరైనా చేస్తారు. ఒక్క ఆకు కోసం రాతినంతా ఖాళీగా ఉంచడం, అదీ సంస్కారమంటే!"

"అంతా అన్నయ్యగారి చలవేనండీ" అన్నది తోమియేగారు. "పొద్దున్నే వచ్చి ఊడ్చిపెట్టారు."

అందరూ ఒగురిగారి వైపు తిరిగి వంగారు. తన ఓటమికి తానే తోరణం కట్టిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

లోపల చెట్టుకు ఎదురుగా కూర్చున్నాం. టీ వచ్చింది, చెస్ట్‌నట్ మిఠాయి వచ్చింది. కానీ గోష్ఠి కుదురుగా లేదు. ఒకరి తరువాత ఒకరు లేచి ఇంటి వెనకవైపు నడవాలోకి వెళుతున్నారు. చాలాసేపటికి గాని రావడం లేదు. వచ్చేటప్పుడు ముఖాల్లో తీర్థయాత్ర ముగించిన ప్రశాంతత. నోజు మాస్టారైతే రెండోసారి వెళ్ళొచ్చారు.

ఒగురిగారు కళ్ళు చిట్లించారు. లోపల మరో కిటికీ ఉంది! చెట్టును ఇంతకన్నా గొప్పగా చూపించే గుండ్రని కిటికీ ఏదో ఈమె రహస్యంగా పెట్టించింది, అదే వసంతకాలంలో పనివాళ్ళు చేసిన పని!

"మాస్టారూ, అక్కడ అంత బాగుందా?" అని అడిగారు.

"బాగుండటమా!" మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "నాకైతే ఇంకేం చూడనక్కర్లేదు. ఇకనుంచి ప్రతి ఏడూ ఇక్కడే కూర్చుందామని మన గోష్ఠిలో ఆడవాళ్ళంతా అంటున్నారు. వెళ్ళి రండి, ఒగురిగారూ. మన వయసుకి అది అవసరం."

మూడు తరాల గౌరవాన్ని భుజాల మీద మోసుకుని ఒగురిగారు లేచారు. నా అవసరం కొద్దీ నేనూ వెనకే నడిచాను. నడవా చివర ఒకే తలుపు. ఆయన దాన్ని తెరిచారు. కిటికీ లేదు. చెట్టు లేదు. గోడకు ఆనించి తెల్లగా మెరిసే కొత్త మరుగుదొడ్డి ఉంది, గొంతుక్కూర్చోనక్కర్లేనిది, కుర్చీలాంటిది.

ఆయన నా వైపు చూశారు. లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నారు.

నేను బయట నిలబడ్డాను. తోటలో ఎవరో కవిత్వం మొదలుపెట్టి, ముగించి, చప్పట్లు కొట్టించుకున్నారు. తలుపు తెరుచుకోలేదు. తొందరపెట్టాలని నాకూ అనిపించలేదు.

ఆ పీట కరెంటుతో వెచ్చగా ఉంటుంది.