కాటా మీద అరవై కిలోలు

మా బొగ్గు యార్డులో లారీ కాటాకి కంప్యూటర్ తగిలించిన రోజు, కూర్చున్న కొమ్మ నరుక్కునేవాడిలా నేనే వైరు పట్టుకుని సాయం చేశాను. బరువు చూపించే పెట్టె వెనక సీరియల్ పోర్టని ఒకటుంది. ఇన్నేళ్ళూ దుమ్ము పట్టడం తప్ప దానికి వేరే పని లేదు. రాజమండ్రి నుంచి వచ్చిన ఇంజనీరు జయంత్ అందులోంచి వైరు లాగి నా బల్ల కిందున్న కంప్యూటర్‌కి కలిపాడు.

"ఇక్కడ ఎంత బరువు పడితే అంత, గేటాఫీసులో తెర మీద పేజీలో కనపడుద్దండి," అన్నాడు.

"ఇంటర్నెట్టా బాబూ?"

"కాదండి. మన యార్డు దాటి పోదు. దాని సర్వర్ ఇదిగో, మీ బల్ల కిందే ఉందండి."

"మరి నాను ఏటి సెయ్యాల?"

"మీరేం చెయ్యక్కర్లేదండి," అన్నాడు, వరమిస్తున్నట్టు.

ఆ మాటకి సంతోషించాను కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

అంతకుముందు డ్రైవర్లు బరువు చీటీ కోసం కాటా గదిలో నా కిటికీ దగ్గరికి రావాల్సిందే. తవిటయ్యైతే చీటీ చేతిలో పడ్డాక కూడా కదిలేవాడు కాదు. సబ్బవరంలో తన జీడితోట, అల్లుడి తాగుడు, మోకాలి నొప్పి, అన్నీ వినాలి. వెనక లారీవాడు హారన్ మోగిస్తుంటే "ఇంక దుకాణం కట్టు బావా!" అని కసిరేవాణ్ణి. ఇప్పుడు చీటీ గేటు దగ్గరే వస్తోంది. పచ్చలైటు వెలగ్గానే దిగకుండా పోతున్నారు. తవిటయ్య చెయ్యూపుతాడు. బొగ్గు దుమ్ములో అదీ సరిగ్గా కనపడదు.

పోనీ ఇంటికెళ్ళి మాట్లాడదామంటే, మా ఆవిడ సూర్యకాంతమ్మ పోయి ఏడాది దాటింది. పిల్లల్లేరు. జాలరిపేటలో మావాళ్ళవి వేట మాటలు, వలల మాటలు. కాటా గోల వాళ్ళకెందుకు? కొన్ని రోజులు సాయంత్రం కొట్టు దగ్గర "ఒక టీ" అన్నదే నా మొదటి మాట అయ్యేది. గొంతు బొంగురుగా వచ్చేది.

మొన్న రేవుకి బొగ్గు ఓడ ఆలస్యమై మధ్యాహ్నం లారీలు రాలేదు. తోచక వెళ్ళి కాటా మీద నిలబడ్డాను. కిటికీలోంచి పెట్టె కనపడుతోంది. అరవై. అప్పుడు తట్టింది, ఇదే అరవై గేటాఫీసులో సూర్యకళ తెర మీద కూడా పడి ఉంటుందని. సూర్యకళ మా పేట పిల్లే. పొద్దున వస్తూ "బాబాయ్" అని ఒక నవ్వు నవ్వి పోతుంది. లారీ లేకుండా అరవై ఏమిటని ఫోన్ చెయ్యదా? తప్పకుండా చేస్తుంది. చేస్తే ముందు భోజనమైందా అని అడగాలనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఫోన్ కోసం కాలిపోతున్న ఇనప రేకుల మీద, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నిలబడ్డాను.

ఫోన్ రాలేదు. పెట్టె వైపు చూస్తే సున్నా.

మట్టి గానీ వాననీళ్ళు గానీ పడి ఖాళీ కాటా బరువు చూపిస్తే, సున్నా చెయ్యడానికి ఒక బటన్ ఉంటుంది. ఇదివరకు అది నా చేతి కిందే ఉండేది. ఇప్పుడు ఆ పేజీలోనూ పెట్టారు. సూర్యకళ నొక్కేసింది. నేను నిలబడే ఉన్నాను, కాటా మీద మాత్రం ఏమీ లేదట! ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. సూర్యకాంతమ్మని సాగనంపిన రోజు కూడా నేనంత ఏడవలేదు.

దిగాను. పెట్టె మైనస్ అరవై చూపించింది. గదిలోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"బాబాయ్, కాటా మైనస్ అరవై సూపిత్తంది. ఇందాక ఉత్తినే అరవై ఉంటే, మట్టి పడిందేటో అని జీరో నొక్కేసినాను. ఏటి పడిందక్కడ?"

"మట్టి కాదమ్మా. నానే."



"నువ్వా? ఎండలో అక్కడేటి సేత్తన్నావ్ బాబాయ్? ఏదైనా కావాలంటే ఫోన్ సెయ్యొచ్చు కదా!"

"ఏటని సెయ్యనమ్మా?"

సూర్యకళ మళ్ళీ జీరో నొక్కినట్టుంది. పెట్టెలో మైనస్ పోయి సున్నా వచ్చింది. పని అయిపోయింది కదా, ఇంక ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"అన్నం తిన్నావా బాబాయ్?" అంది.